ఎంబ్రాయిడరీ మెషిన్ కొనే ముందు: వరంగల్‌లో కొత్తగా యూనిట్ పెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

హనుమకొండ, వరంగల్, కాజీపేట మూడు ఊళ్లలోనూ ఇప్పుడు ఏ బజారుకు వెళ్లినా కంప్యూటర్ వర్క్, అంటే కంప్యూటర్ మెషిన్‌తో వేసే ఎంబ్రాయిడరీ, బోర్డు కనిపిస్తుంది. పదేళ్లుగా ఈ పనిలో ఉన్నందువల్ల, కొత్తగా యూనిట్ పెట్టాలనుకునే ఆడపడుచులు, టైలర్లు తరచుగా నన్ను సంప్రదిస్తుంటారు. వచ్చిన వారందరూ మొట్టమొదట అడిగేది ఏ కంపెనీ మెషిన్ మంచిదని. ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పను. మీ దగ్గరికి రాబోయే బట్ట ఏది, దాని మీద పడాల్సిన డిజైన్ ఎంత పెద్దది అనే లెక్క తేలిన తరువాతే కంపెనీ పేరు చర్చకు రావాలి. లక్షల రూపాయల అప్పుతో కొనే వస్తువు కాబట్టి ఈ వరుస తప్పకూడదని నా గట్టి నమ్మకం.

మెట్టు 1: పదిహేను రోజులు పనిని కొలవండి

మెషిన్ షోరూముకు వెళ్లే ముందు మీ చుట్టుపక్కల టైలర్ల దగ్గర, బొటిక్‌ల దగ్గర రెండు వారాలు కూర్చోండి. ఒక నోటుబుక్కులో వచ్చిన ప్రతి వర్క్ బ్లౌజ్‌కు చేయి పొడవు, చేయి వెడల్పు, వెనుక మెడ డిజైన్ కొలత, వాడిన రంగులు ఎన్ని, జరీ ఉందా లేదా, ఎన్ని రోజుల గడువు ఇచ్చారు అనేవి రాసుకోండి. పిల్లల గౌన్లు, చీర అంచులు, స్కూలు యూనిఫాం బ్యాడ్జీలు, టోపీలు వంటి పనులు వస్తే వాటిని వేరే పేజీలో రాయండి.

మన వైపు ఈ పుస్తకం సాధారణంగా చెప్పేది ఒక్కటే. పనిలో పెద్ద వాటా పెళ్లి బ్లౌజ్‌లది, పండుగ బ్లౌజ్‌లది. చేయి డిజైన్ పెద్దది, జరీ ఎక్కువ, రంగులు తక్కువ, గడువు చాలా తక్కువ. మగ్గం వర్క్ చేయించుకునే స్తోమత లేనివారు, లేదా అంత సమయం లేనివారు కంప్యూటర్ వర్క్ అడుగుతారు. మీ పుస్తకం వేరే మాట చెబితే, ఉదాహరణకు మీకు రెండు మూడు స్కూళ్ల యూనిఫాం ఆర్డరు ఖాయంగా ఉంటే, కింద రాసిన వాటిలో కొన్ని మీకు తారుమారవుతాయి. ఎక్కడ తారుమారవుతాయో అక్కడక్కడే చెబుతాను.

మెట్టు 2: ఫ్రేమ్ కొలతను బట్టి మెషిన్ తరగతిని తేల్చుకోండి

నా దృష్టిలో మొత్తం ఎంపికలో అతి ముఖ్యమైన అంశం ఇదే. అమ్మేవారు కుట్టు వేగం గురించి, తెర సైజు గురించి ఎక్కువగా మాట్లాడతారు. బ్లౌజ్ పనిలో లాభనష్టాలను నిర్ణయించేది మాత్రం ఒక్కసారి ఫ్రేమ్‌లో, అంటే బట్టను లాగి పట్టే చట్రంలో, బట్ట బిగిస్తే ఎంత మేర కుట్టవచ్చు అన్నదే.

మోచేతి వరకు ఉండే చేయిని ఉదాహరణగా తీసుకోండి. విప్పి పరిస్తే దాని పొడవు 11 అంగుళాలు, పై భాగంలో వెడల్పు 14 అంగుళాలు ఉందనుకుందాం. పది సూదుల మెషిన్‌గా పేరున్న బ్రదర్ పీఆర్1055ఎక్స్‌లో గరిష్ఠ ఫ్రేమ్ కొలత 14 అంగుళాలు, 8 అంగుళాలు. ఆ మెషిన్ నాణ్యతకు వంక పెట్టలేం. బ్యాడ్జీలకు, పేర్లకు, చిన్న పూలకు అది చక్కగా సరిపోతుంది. కానీ 11 అంగుళాల చేయి నిండా డిజైన్ అడిగితే ఆ ఫ్రేమ్‌లో రెండుసార్లు బిగించక తప్పదు. అదే 16 అంగుళాలు, 20 అంగుళాలు ఉన్న ఫ్రేమ్‌లో ఒక చేయి మొత్తం ఒకేసారి పడుతుంది. ఇక 48 అంగుళాల పొడవైన ఫ్రేమ్ ఉన్న సింగిల్ హెడ్ (కుట్టే తల ఒక్కటే ఉన్న) మెషిన్‌లో, 44 అంగుళాల పన్నా ఉన్న బ్లౌజ్ పీస్‌ను కత్తిరించకుండానే అంచు నుంచి అంచు వరకు బిగించి, రెండు చేతులు, వెనుక మెడ ఒకే విడతలో కుట్టవచ్చు.

రెండుసార్లు బిగించడం వల్ల ఏమవుతుందో నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. నా మొదటి మెషిన్ చిన్న ఫ్రేమ్‌ది. కొన్నచోట “జాయింట్ సులువుగా కలుస్తుంది” అని నమ్మకంగా చెప్పారు. ఒక పెళ్లికూతురి పట్టు బ్లౌజ్ మీద నెమలి డిజైన్ కుడుతూ, సగం అయ్యాక ఫ్రేమ్ విప్పి కిందికి జరిపి మళ్లీ బిగించాను. గుర్తులన్నీ సరిగ్గానే పెట్టాను. కానీ పట్టుబట్ట మొదటి సగం కుట్లకు కొద్దిగా ముడుచుకుపోయి ఉంది. రెండో సగం రెండు మిల్లీమీటర్లు పక్కకు పడింది. నెమలి మెడ దగ్గర ఈకల వరుస తెగి, మధ్యలో బట్ట సన్నని గీతలా కనిపించింది. కుట్టడానికి తీసుకున్న టైలర్ ఒక్క చూపు చూసి, “అక్కా, జాయింట్ కనవడ్తున్నది” అంది. అదే రంగు పట్టు కోసం రెండు రోజులు తిరిగి, కొత్త పీస్ కొని, రాత్రంతా కూర్చుని మళ్లీ కుట్టి ఇచ్చాను. అందుకే బ్లౌజ్ పనికి చిన్న ఫ్రేమ్ మెషిన్ కొనవద్దని అందరికీ చెబుతున్నాను.

పెద్ద ఫ్రేమ్ కావాలంటే పెద్ద గది కావాలన్న సంగతిని కూడా ముందే లెక్క వేసుకోవాలి. ఈ మెషిన్‌లో సూది ఉన్నచోటనే ఉంటుంది, ఫ్రేమే కదులుతుంది. 48 అంగుళాల ఫ్రేమ్ కుడి చివర సూది కిందికి రావాలంటే ఫ్రేమ్ మొత్తం ఎడమకు జరగాలి, ఎడమ చివర రావాలంటే మొత్తం కుడికి జరగాలి. అంటే ఫ్రేమ్ కదలికకే 96 అంగుళాలు, అనగా ఎనిమిది అడుగులు కావాలి. దానికి తోడు మనిషి తిరగడానికి, వెనుక వైపు దారపు కండెలు మార్చడానికి చోటు వదలాలి. మెషిన్ మొదటి అంతస్తుకు ఎక్కించాలనుకుంటే మెట్ల మలుపు వెడల్పు, తలుపు వెడల్పు టేపుతో కొలిచి, ప్యాకింగ్ పెట్టె కొలతతో సరిచూసుకున్న తరువాతే అడ్వాన్సు ఇవ్వండి.

మెట్టు 3: సూదులు ఎన్ని, హెడ్‌లు ఎన్ని

సూదుల సంఖ్య అంటే దారం మార్చకుండా ఎన్ని రంగులు వాడగలమన్నది. మన బ్లౌజ్ డిజైన్లలో ఐదారు రంగులు దాటడం అరుదు. తొమ్మిది సూదులు ఉంటే పని నడుస్తుంది. అయినా పన్నెండు ఉంటే ఒక సౌకర్యం ఉంది. బంగారు జరీ, వెండి జరీ, యాంటిక్ జరీ ఎప్పటికీ మూడు సూదులకు ఎక్కించి ఉంచేయవచ్చు. ఆ మూడింటికి సాధారణంగా వాడే 75/11 సూది బదులు కాస్త పెద్ద కన్ను ఉన్న 90/14 సూది బిగించి ఉంచితే జరీ తెగడం బాగా తగ్గుతుంది. పదిహేను సూదుల కోసం అదనంగా అప్పు చేయవలసిన అవసరం కొత్త యూనిట్‌కు ఉండదు.

హెడ్‌ల విషయంలో చాలామంది పొరబడుతున్నారు. రెండు హెడ్‌లు ఉంటే రెండింతల పని అవుతుందని అనుకుంటారు. మల్టీ హెడ్ మెషిన్‌లో అన్ని హెడ్‌లూ ఒకే సమయంలో ఒకే డిజైన్‌ను కుడతాయి. ఒక హెడ్‌లో దారం తెగితే సాధారణంగా మిగిలినవి కూడా ఆగుతాయి. యాభై మంది పిల్లలకు ఒకే బ్యాడ్జీ కుట్టాలంటే, లేదా ఒకే అంచు వంద చీరలకు వేయాలంటే అది వరం. కానీ ఒక్కో బ్లౌజ్‌కు ఒక్కో డిజైన్, ఒక్కో రంగు అడిగే చోట రెండో హెడ్ ఊరికే నిలబడి ఉంటుంది. కాబట్టి బ్లౌజ్ పని చేసేవారు ఒక సింగిల్ హెడ్‌తో మొదలుపెట్టి, పని పెరిగాక రెండో సింగిల్ హెడ్ తెచ్చుకోవడం మేలు. అప్పుడు రెండు వేర్వేరు డిజైన్లు పక్కపక్కన నడుస్తాయి, ఒకటి పాడైనా రెండోది గడువు నిలబెడుతుంది. యూనిఫాం ఆర్డర్లు చేతిలో ఉన్నవారికి మాత్రం మల్టీ హెడ్ సరైనదే. టోపీలు, కుట్టిన చొక్కాల జేబులు కూడా చేయాలనుకుంటే కింద సన్నని చేయిలా ఉండే ట్యూబులర్ ఆర్మ్, టోపీ ఫ్రేమ్ ఉన్నాయో లేదో చూడాలి. చెమ్కీలు కుట్టే పరికరం, పూసల పరికరం, దారం పేనే పరికరం మొదటి రోజే కొనకపోయినా, తరువాత బిగించుకునే వీలు ఆ మోడల్‌కు ఉందని కాగితం మీద రాయించుకోండి.

మెట్టు 4: వేగం లెక్కను నేల మీదికి దించండి

కరపత్రంలో నిమిషానికి 1,000 కుట్లు, 1,200 కుట్లు అని ఉంటుంది. అది మెషిన్ అందుకోగల గరిష్ఠ వేగం. పట్టు మీద జరీతో పనిచేసేటప్పుడు ఆ వేగం పెడితే దారం నిలవదు. పాలిస్టర్ దారంతో 700, 750 వరకు, జరీతో 500, 600 వరకు నడపడం క్షేమం.

రెండు చేతులు, వెనుక మెడ కలిపి 1,20,000 కుట్లు ఉన్న ఒక నిండు బ్లౌజ్‌ను తీసుకోండి. కరపత్రం లెక్క ప్రకారం 1,000 వేగంతో రెండు గంటల్లో కావాలి. సగటున 650 వేగంతో మూడు గంటల ఐదు నిమిషాలు పడుతుంది. రంగులు మారడం, తెగిన దారం ఎక్కించడం, సుమారు పాతిక ముప్పై వేల కుట్లకు ఒకసారి బాబిన్ (అడుగు దారపు చుట్ట) మార్చడం, ఫ్రేమ్ బిగించడం అన్నీ కలిపితే నాలుగు గంటలు. అంటే రోజుకు ఇలాంటి నిండు బ్లౌజ్‌లు రెండు. వేగం 1,000 ఉన్న మెషిన్ బదులు 1,200 ఉన్నది కొన్నా రోజుకు రెండు అయ్యేవి మూడు కావు.

ఇప్పుడు డబ్బు లెక్క చూడండి. ఇవి కేవలం ఉదాహరణ అంకెలు, వీటి స్థానంలో మీ అంకెలు పెట్టుకోండి. నాలుగు లక్షల అప్పు, 12 శాతం వడ్డీ, 36 నెలల గడువు అయితే నెలసరి వాయిదా సుమారు 13,300 రూపాయలు. అద్దె 5,000, ఆపరేటర్ జీతం 12,000 కలిపితే నెలకు 30,300 కదలని ఖర్చు. కరెంటు, దారం, బట్ట అడుగున వేసే ఫ్యూజింగ్ పేపర్ కలిపి పని ఉన్న నెలల్లో నెలకు 6,000 అనుకుందాం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం నెలల్లో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి నిండు పని తొమ్మిది నెలలే ఉంటుంది, కానీ వాయిదా పన్నెండు నెలలూ కట్టాలి. అప్పుడు ఏడాది ఖర్చు 4,17,600 రూపాయలు. తొమ్మిది నెలలు, నెలకు 25 రోజులు, రోజుకు రెండు బ్లౌజ్‌లు అనుకుంటే ఒక్కో బ్లౌజ్‌కు 928 రూపాయలు వస్తేనే ఖర్చు పూడుతుంది. మీ చేతి కష్టానికి ప్రతిఫలం ఆ పైన వచ్చేదే. మీ వీధిలో ఉన్న ధర ఇంతకంటే తక్కువైతే, తక్కువ ధర మెషిన్ వెతకాలి, లేదా ఆపరేటర్‌ను పెట్టకుండా మీరే నడపాలి.

మెట్టు 5: డెమోకు మీ బట్ట, మీ దారం తీసుకెళ్లండి

షోరూములో మందపాటి కాటన్ మీద, మంచి పాలిస్టర్ దారంతో ఏ మెషిన్ అయినా అందంగానే కుడుతుంది. కాబట్టి మీ వెంట అర మీటరు పట్టు, అర మీటరు నెట్టెడ్ బట్ట, మీరు వాడబోయే జరీ కండె, పెన్‌డ్రైవ్‌లో మీ డిజైన్ తీసుకెళ్లండి. మూడు పరీక్షలు చేయించండి.

మొదటిది గుండ్రం పరీక్ష. నిండుగా నింపిన ఒక గుండ్రం కుట్టించి, దాని చుట్టూ చివరిగా సన్నని అంచు గీత వేయించండి. అంచు, నింపిన భాగం ఎక్కడా విడిపోకుండా చుట్టూ కలవాలి. ఒక పక్క కలిసి ఇంకో పక్క సందు పడితే ఫ్రేమ్ కదలికలోనో, బట్ట బిగింపులోనో, డిజైన్‌లోనో లోపం ఉన్నట్టు. మళ్లీ బిగించి, వేరే డిజైన్‌తో కుట్టించినా అదే పక్క సందు పడితే మెషిన్‌నే అనుమానించాలి.

రెండోది వెనుక పక్క పరీక్ష. సాటిన్ కుట్టుతో, అంటే పక్కపక్కనే అడ్డంగా పడే కుట్లతో, సన్నని పట్టీ కుట్టించి బట్టను తిప్పి చూడండి. మధ్యలో మూడో వంతు తెల్లని బాబిన్ దారం, దానికి రెండు పక్కలా పై దారం రంగు సమానంగా కనిపించాలి. తెలుపు అసలు కనిపించకపోతే పై దారం వదులుగా ఉన్నట్టు, తెలుపు పట్టీ అంతా పరుచుకుంటే పై దారం బిగుతుగా ఉన్నట్టు, లేదా బాబిన్ దారం వదులైనట్టు. ఇది సరిచేసుకోదగినదే. అయితే అన్ని సూదులతోనూ ఈ పట్టీ కుట్టించి, సరిచేశాక అన్నీ ఒకేలా వస్తున్నాయో లేదో చూడాలి. తొమ్మిదిలో రెండు సూదులు ఎంత సరిచేసినా మొండికేస్తే ఆ మెషిన్‌ను వదిలేయండి.

మూడోది జరీ పరీక్ష. మీ జరీతో, 550 వేగంతో, పావుగంట ఆపకుండా నడిపించి ఎన్నిసార్లు తెగిందో లెక్కపెట్టండి. దారం తెగిన ప్రతిసారీ మెషిన్ వెంటనే ఆగిందా, లేక నాలుగు వేళ్ల మేర ఖాళీగా కుట్టుకుపోయిందా అన్నది కూడా గమనించాలి. ఆగకుండా పోతే దారం తెగినట్టు గుర్తించే సెన్సార్ మందకొడిగా ఉన్నట్టే. కుడుతుండగా మధ్యలో మెయిన్ స్విచ్ ఆపించి మళ్లీ వేయించండి. ఆగిన కుట్టు దగ్గరి నుంచే మొదలుపెట్టాలి. మన కరెంటుతో ఈ గుణం లేని మెషిన్‌ను నడపలేం.

మెట్టు 6: సర్వీసు మనిషి ఎంత దూరంలో ఉన్నాడు

తజిమా, బరుడాన్ జపాన్ కంపెనీలు, జెడ్‌ఎస్‌కే జర్మనీది. నాణ్యతలో వాటికి ఉన్న పేరు నిజమైనదే, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మన దగ్గర చిన్న యూనిట్లు ఎక్కువగా కొనేవి చైనాలో తయారై, ఇక్కడి డీలర్ల పేర్లతో వచ్చేవి. వాటిలో చాలావాటికి దహావో అనే కంపెనీ కంట్రోల్ ప్యానెల్ ఉంటుంది. అది విరివిగా వాడుకలో ఉన్నది కావడంతో దాన్ని బాగుచేయడం తెలిసిన మెకానిక్‌లు దొరుకుతారు. కాబట్టి చైనా మెషిన్ అనగానే తీసిపారేయవలసిన పని లేదు.

హైదరాబాద్ మనకు సుమారు 150 కిలోమీటర్లు. శ్రావణంలో పది బ్లౌజ్‌లు చేతిలో ఉండగా మెషిన్ ఆగితే, అక్కడి టెక్నీషియన్ నాలుగు రోజులకు వస్తే గడువులన్నీ తప్పుతాయి. డీలర్‌ను వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు ఇప్పటికే ఆ మోడల్ కొన్నవారి చిరునామాలు కనీసం మూడు అడగండి. ఇవ్వడానికి వెనకాడితే అక్కడితో ఆపండి. ఇస్తే స్వయంగా వెళ్లి, మెషిన్ చివరిసారి ఎప్పుడు ఆగింది, ఫోన్ చేసిన ఎన్ని రోజులకు మనిషి వచ్చాడు, ఏ భాగం మార్చారు, ఎంత తీసుకున్నారు అనే నాలుగు ప్రశ్నలు అడగండి. వారంటీలో మోటారు, బోర్డులు, తెర విడివిడిగా ఎన్ని నెలలో బిల్లు మీదే రాయించుకోండి. అడుగున తిరుగుతూ పై దారాన్ని పట్టే రోటరీ హుక్, దారం కత్తిరించే కత్తి, సూదులు, బాబిన్ కేసులు ఒక జత అదనంగా మీ బీరువాలో ఉండాలి.

సూరత్ నుంచి వచ్చే పాత మెషిన్ల గురించి కూడా అడుగుతుంటారు. మెకానిక్ పని తెలిసిన మనిషి ఇంట్లో ఉంటే తప్ప, మొదటి మెషిన్‌గా పాతది వద్దు. పైన రంగు కొత్తగా వేసినా లోపల హుక్ అరిగిపోయి, సూది కడ్డీలు ఊగుతూ ఉండవచ్చు.

మెట్టు 7: డిజైన్ ఫైలు, కరెంటు

మెషిన్‌కు కావలసిన డిజైన్ తయారు చేయడాన్ని మన వాళ్లు పంచింగ్ అంటారు. ఎక్కువ మెషిన్లు చదివేది తజిమా నుంచి వచ్చిన డీఎస్‌టీ ఫైలు. అందులో కుట్ల వరుస, రంగు మారాల్సిన చోటు ఉంటాయి కానీ ఏ రంగు అన్నది ఉండదు. అందువల్ల రంగుల వరుసను ప్రతి డిజైన్‌కూ పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. విల్‌కామ్ వంటి సాఫ్ట్‌వేర్ మొదట్లోనే కొనకుండా, మంచి పంచింగ్ చేసేవారికి కూలి ఇచ్చి చేయించుకుంటూ నేర్చుకోండి. పంచింగ్ చేసేవారికి బట్ట పట్టా, నెట్టెడా అన్నది తప్పక చెప్పాలి. కుట్లు మరీ దగ్గరగా పడితే పట్టు చిల్లులు పడి చిరిగిపోతుంది.

కరెంటుకు సంబంధించి విడిగా ఎర్త్ గుంత తీయించడం, స్టెబిలైజర్, బ్యాటరీ బ్యాకప్ మూడూ మెషిన్ ధరలో భాగమే అనుకోండి. బోర్డు కాలిపోతే వచ్చే ఖర్చుతో పోలిస్తే ఇవి చిన్నవి. కనెక్షన్ ఏ కేటగిరీలోకి వస్తుందో మన కరెంటు సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో ముందే అడిగి రాయించుకోండి.

మెట్టు 8: అప్పు ముందు, కొనుగోలు తరువాత

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అంటే పీఎంఈజీపీ, కింద మొదటి అప్పు కొత్త యూనిట్లకే వర్తిస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం సబ్సిడీ ఉంది. సొంత వాటా 5 శాతం. మిగిలిన వారికి ఇవి వరుసగా 15, 25, 10 శాతాలు. ఆ సబ్సిడీ చేతికి నగదుగా రాదు, బ్యాంకులో మూడేళ్లు మీ పేరున నిలిచి తరువాత అప్పులో సర్దుబాటు అవుతుంది. మెషిన్ ముందుగా కొనేసి, తరువాత దరఖాస్తు పెట్టినవారు ఈ అవకాశం పోగొట్టుకుంటున్నారు. చూస్తే మనసు కష్టంగా ఉంటుంది. డీలర్ నుంచి కొటేషన్ మాత్రమే తీసుకోండి. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వవద్దు. ముద్రా అప్పు కూడా ఒక మార్గమే, కానీ అందులో సబ్సిడీ లేదు. తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటే వరకు సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు.

మెట్టు 9: ఎప్పుడు తెచ్చుకోవాలి

శ్రావణంలో పెళ్లిళ్లు, ఆ తరువాత బతుకమ్మ, దసరా మనకు పెద్ద పని కాలం. మెషిన్ జ్యేష్ఠం చివరికల్లా ఇంట్లో దిగితే ఆషాఢం నెలంతా నేర్చుకోవడానికి దొరుకుతుంది. ఆ నెలలో బయటి బట్ట ముట్టుకోకుండా, చవక కాటన్ మీద, పాత చీరల మీద రోజుకు నాలుగైదు డిజైన్లు కుట్టండి. ఫ్రేమ్ బిగించడం, బాబిన్ టెన్షన్, జరీ వేగం చేతికి అలవాటు కావడానికి ఆ నెల సరిపోతుంది. టెక్నీషియన్ మెషిన్ బిగించి వెళ్లే రోజున అన్ని సూదులతో సాటిన్ పట్టీలు కుట్టించి, ఆ గుడ్డ మీద తేదీ రాసి, మెషిన్ పక్కన గోడకు పిన్ను చేసి ఉంచండి. ఆరు నెలల తరువాత కుట్టు తేడాగా అనిపించినప్పుడు, ఆ గుడ్డను కొత్త కుట్టు పక్కన పెట్టి చూపిస్తే లోపం ఏ సూదిలో వచ్చిందో టెక్నీషియన్‌కు ఒక్క చూపులో తెలిసిపోతుంది.